వైజాగ్‌లో ప్లాన్ పర్మిషన్లు చూసి కిటికీల పని ఎలా పట్టుకోవాలి

మీరు అడిగింది ఇదీ: గాజువాక ఆటోనగర్‌లో చిన్న యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల) కిటికీల యూనిట్ పెట్టారు. మొదట్లో తెలిసినవాళ్ల ఇళ్లు, వాళ్లు చెప్పినవాళ్ల ఇళ్లు వచ్చాయి. ఇప్పుడు మెషీన్లు ఖాళీగా ఉంటున్నాయి. ఒకాయన ప్లాన్ అప్రూవల్స్ లిస్టు, ఓనర్ల ఫోన్ నంబర్లతో సహా నెలనెలా ఇస్తాను, ఇంత ఇవ్వండి అంటున్నాడు. కొనొచ్చా, లేక ఆ వివరాలు మనమే సంపాదించుకోవచ్చా?

కొనకండి. నేనూ ఇదే పనిలో ఉన్నాను, మధురవాడ వైపు. నాకు వచ్చే పనిలో పెద్ద భాగం పర్మిషన్ వివరాలు చూసి వెళ్లిన సైట్లదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆ లిస్టు సంగతి. అది మీ ఒక్కరికే అమ్మరు. సిమెంటు, స్టీలు, టైల్స్, ఇంటీరియర్, బోర్లు, లోన్లు, అందరికీ అదే ఫైలు వెళ్తుంది. ప్లాన్ చేతికొచ్చిన వారంలోనే ఆ ఓనరు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. మీరు ఫోన్ చేసే సమయానికి మీ మాట వినే ఓపిక ఆయనకు ఉండదు. ఇక ఆ నంబర్లు ఎక్కడినుంచి బయటికొచ్చాయో మీకు తెలియదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ప్రచార కాల్స్ మామూలు పది అంకెల నంబరు నుంచి చేయడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం, వాటికి 140తో మొదలయ్యే సిరీస్ ఉంది. జనం 1909కి కంప్లైంట్లు చేస్తే మీ నంబరే పోవచ్చు. రోజూ వాడే నంబరు పోతే ఉన్న కస్టమర్లు కూడా పోతారు. అంత రిస్కు ఎందుకు?

అసలు పర్మిషన్ కాగితంలో మనకు పనికొచ్చేది ఫోన్ నంబరు కాదండి, తేదీ. ఏ ఇల్లు ఎప్పుడు ఏ దశకు వస్తుందో లెక్కకట్టి, మన అవసరం పడే రోజుల్లో అక్కడ ఉండటమే దీని ఉపయోగం. పర్మిషన్ వచ్చిన రోజున కిటికీల గురించి ఆలోచించే ఓనరు ఉండడు. అప్పుడు ఆయన టెన్షన్ అంతా బోరు, పునాది, మేస్త్రీ, డబ్బు సర్దుబాటు. అలాగని ఆలస్యంగా వెళ్తే టేకు ఫ్రేములు పెట్టేసి ఉంటాయి. మనకు దొరికే సమయం ఆ రెండింటి మధ్యలో ఉంటుంది, అది చాలా చిన్నది.

ఆ లెక్క ఎలా కట్టాలో ఒక ఇంటిని తీసుకుని చెప్తాను. 200 గజాల్లో జీ ప్లస్ టూ, అంటే మొత్తం మూడు అంతస్తులు అనుకోండి. మార్చిలో పర్మిషన్ వచ్చింది. శంకుస్థాపన చైత్రంలోనో వైశాఖంలోనో అవుతుంది. పునాది, పిల్లర్లు లేచి మొదటి స్లాబ్ పడటానికి రెండు మూడు నెలలు. ఆ తర్వాత స్లాబ్‌కి స్లాబ్‌కి మధ్య నెల, నెలన్నర. కింద సెంట్రింగ్ విప్పాక గోడ కట్టుబడి మొదలవుతుంది. అంటే మనం ఓనరుతో కూర్చోవాల్సింది మొదటి స్లాబ్ పడ్డాక, గోడలు మొదలయ్యేలోపు. ఎందుకంటే చెక్క ఫ్రేము గోడతో పాటే నిలబెడతారు. ఒకసారి అది నిలబడిందంటే ఆ కిటికీ మనది కాదు. యూపీవీసీకి అయితే మేస్త్రీ ఖాళీ వదిలి, ప్లాస్టరింగ్ చేసి, చుట్టూ గ్రానైట్ పెట్టాక మనం వెళ్లి బిగిస్తాం. కాబట్టి బిగించేది చివర్లోనే అయినా మాట తీసుకోవాల్సింది ఎంతో ముందు. ఈ తేడా తెలియక చాలామంది ప్లాస్టరింగ్ అవుతున్న సైట్లకి వెళ్లి కొటేషన్లు ఇస్తుంటారు. అప్పటికి అక్కడ ఇంకెవరో మాట్లాడేసుకుని ఉంటారు.

ఈ లెక్కలో పంచాంగం కూడా ఉంటుంది. జూన్ చివర్లో పర్మిషన్ వచ్చిందంటే ఆషాఢం, శంకుస్థాపన చెయ్యరు. శ్రావణం దాకా ఆగాల్సిందే. మధ్యలో మూఢం వస్తే మరీ వెనక్కి వెళ్తుంది. భాద్రపదం, పుష్యం కూడా అంతే. అందుకే నేను పర్మిషన్ తేదీ పక్కన ఆ తర్వాత వచ్చే మంచి ముహూర్తాల నెల రాసుకుంటాను, నెలల లెక్క అక్కడినుంచి మొదలుపెడతాను. అటు చివర కూడా ఇదే పద్ధతి. ఓనరు గృహప్రవేశం మాఘంలో అన్నాడంటే వెనక్కి లెక్కేసుకోవచ్చు: పెయింటు ఆఖరి కోటు, దానికి ముందు మన బిగింపు, దానికి ముందు గ్రానైట్, దానికి ముందు కొలతలు. మీరు ఈ వరస ఓనరుకు కాగితం మీద రాసి చూపిస్తే చాలు. ధర గురించి మాట్లాడకముందే ఆయనకు మీ మీద నమ్మకం కలుగుతుంది.

ఇక వివరాలు ఎక్కడ దొరుకుతాయి అన్నది. జీవీఎంసీ, అంటే మన నగర కార్పొరేషన్ పరిధిలో పర్మిషన్లు ఏపీడీపీఎంఎస్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతిలో వస్తాయి. దరఖాస్తు పెట్టేది లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడు, మనం ఎల్‌టీపీ అంటాం. పర్మిషన్ ప్రొసీడింగ్స్‌లో స్థలం, సర్వే నంబరు, ఎన్ని అంతస్తులు, ఎంత బిల్టప్, ఎన్ని యూనిట్లు, ఎల్‌టీపీ ఎవరు, తేదీ ఎంత, ఇవన్నీ ఉంటాయి. వార్డుల వారీగా లిస్టు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఫలానా వార్డుల్లో, ఫలానా మూడు నెలల్లో ఇచ్చిన పర్మిషన్లు, స్థలం ఉన్న చోటు, అంతస్తులు, విస్తీర్ణం, పర్మిషన్ తేదీ, ఎల్‌టీపీ పేరు అని మాత్రమే అడగండి. ఓనర్ల ఫోన్లు, చిరునామాలు అడగొద్దు. వ్యక్తిగత సమాచారం అని దరఖాస్తు మొత్తం పక్కన పెట్టేసే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది. పైగా అవి మనకు అక్కర్లేదు. సైట్ ఎక్కడుందో తెలిస్తే చాలు, మనిషి అక్కడే దొరుకుతాడు. నెల రోజులు ఆలస్యమైనా మన పనికి నష్టం లేదు, మన వంతు వచ్చేసరికి ఇంకా నాలుగైదు నెలలు ఉంటుంది. బోర్లు వేసేవాళ్లకి, సెంట్రింగ్ వాళ్లకి మాత్రం ఈ దారి పనికిరాదు.

ఆఫీసులో ఎవరికో ఎంతో కొంత ఇచ్చి లిస్టు తెప్పించుకోవచ్చని కొందరు చెప్తారు. ఆ దారిలో వెళ్లకండి. అది లంచం, తప్పు. అంతకంటే చెప్పేదేమీ లేదు.

అపార్ట్‌మెంట్లకైతే ఇంకా తేలిక. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఏపీ రెరా వెబ్‌సైట్‌లో జిల్లా పెట్టి వెతికితే ప్రాజెక్టులు వస్తాయి. ప్రమోటర్, ఆమోదించిన ప్లాన్, ఎన్ని ఫ్లాట్లు, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు, ఆర్కిటెక్ట్ ఎవరు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరు, కాంట్రాక్టరు ఎవరు, ఇవన్నీ చట్టప్రకారం వెల్లడించాల్సిన వివరాలు. మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో అప్‌డేట్ చెయ్యాలి. ఇది ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. బిల్టప్ 20,000 చదరపు మీటర్లు దాటిన పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలి, అవి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తాయి. కానీ మీ యూనిట్‌కి అంత పెద్ద పని ఇప్పుడే వద్దు. గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక అందరి కళ్లూ అటే ఉన్నాయి. చిన్న వర్క్‌షాపులను నిలబెట్టేది మాత్రం కొమ్మాదిలోనూ, పెందుర్తిలోనూ, కూర్మన్నపాలెంలోనూ లేచే రెండు మూడంతస్తుల ఇళ్లే.

ప్లాన్ డ్రాయింగ్ చూసే అవకాశం వస్తే ఒక మూల చూడండి. జాయినరీ షెడ్యూల్ అని చిన్న పట్టిక ఉంటుంది. ఎండీ, డీ, డీ1 అంటే తలుపులు. డబ్ల్యూ, డబ్ల్యూ1 అంటే కిటికీలు. వీ అంటే బాత్రూం వెంటిలేటర్లు. పక్కన సైజులు ఉంటాయి. ఉదాహరణకి ఒక అంతస్తులో 5 బై 4 అడుగుల కిటికీలు నాలుగు, 4 బై 4వి రెండు, 2 బై ఒకటిన్నర వెంటిలేటర్లు మూడు, బాల్కనీకి 6 బై 7 స్లైడింగ్ ఒకటి ఉన్నాయనుకోండి. 80, 32, 9, 42 కలిపితే 163 చదరపు అడుగులు. మూడు అంతస్తులూ ఒకేలా ఉంటే 489. మీ చదరపు అడుగు రేటుతో గుణిస్తే ఆ ఇంటి పని విలువ ఎంతో, దానికోసం ఎంత తిరగొచ్చో ముందే తెలిసిపోతుంది. అయితే ఇది అంచనాకే. సిద్ధాంతి వచ్చి ఈశాన్యం కిటికీ పెద్దది చెయ్యమంటాడు, వంటగది కిటికీ జరపమంటాడు. అసలు కొలత టేపుతో, గ్రానైట్ పెట్టాక, ఒక్కో ఖాళీకి పైన, మధ్య, కింద మూడు చోట్ల తీసుకోవాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. పర్మిషన్ ఎవరి పేరున ఉందో, పని ఇచ్చేది వాళ్లే అనుకోవద్దు. మన ఊళ్లో అపార్ట్‌మెంట్లు చాలావరకు బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన స్థలాలే. కాగితం మీద పేరు స్థలం ఓనరుది, కిటికీలు ఎవరివి పెట్టాలో తేల్చేది బిల్డరు. ఆ స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం) తీస్తే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఎవరికి రాశారో కనిపిస్తుంది. ఓనరు ఇంటికి వెళ్లి గంట మాట్లాడి, చివర్లో "బిల్డరుని అడగండి" అనిపించుకునే కంటే, ముందే చూసుకుని వెళ్లడం మంచిది. స్థలం ఓనరు దగ్గర కూడా పని ఉంటుంది, కానీ తర్వాత. తన వాటా ఫ్లాట్లకి బిల్డరు పెట్టే మామూలు సరుకు కాకుండా మంచివి కావాలంటారు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి ఫోటోలు పంపుతుంటారు. అలాంటి చోట దోమల మెష్, శబ్దం రాని డబుల్ గ్లాస్ గురించి మాట్లాడితే వింటారు.

సొంతిల్లు అయితే ఓనరే తేలుస్తాడు, కానీ మేస్త్రీ మాట దాటడు. సైట్‌కి వెళ్లినప్పుడు ముందు మేస్త్రీతో మాట్లాడండి. యూపీవీసీ పెడితే మేస్త్రీకి పని పెరుగుతుంది, గ్రానైట్ చట్రం సరిగ్గా మట్టానికి నిలబెట్టాలి. అది ఎలా కావాలో, ఎంత మందం, బయటివైపు వాలు ఎంత ఇవ్వాలో మీరే దగ్గరుండి చూపిస్తామని చెప్పండి. ఆయనకు ఇబ్బంది లేదనిపిస్తే ఓనరు దగ్గర మీ తరఫున మాట్లాడతాడు. ఇబ్బంది అనిపిస్తే "సార్, చెక్కే గట్టిది" అంటాడు, అంతటితో ఆ సైట్ అయిపోయినట్టే. ఇంటావిడ ఉంటే ఆవిడతో తప్పకుండా మాట్లాడండి. దోమలు, వానజల్లు, తుడుచుకోవడం, ఈ మూడింటి గురించి ఆవిడ అడిగే ప్రశ్నలకు సరైన జవాబు చెప్పగలిగితే రేటు దగ్గర బేరం తగ్గుతుంది.

ఎల్‌టీపీల సంగతి. ఒకే ఎల్‌టీపీ పేరు మీ లిస్టులో మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, ఆ ఆఫీసుకి వెళ్లి పరిచయం చేసుకోండి. మీ యూపీవీసీ ఫ్రేము సెక్షన్ల కటింగ్ ముక్కలు, లోపల స్టీల్ ఎంత మందమో కనిపించేలా, తీసుకెళ్లండి. కమిషన్ అడిగేవాళ్లు ఉంటారు. ఓనరుకు తెలియకుండా కమిషన్ ఇవ్వకూడదన్నది నా పద్ధతి. ఇస్తే ఆ డబ్బు ఎక్కడో తగ్గించుకోవాలి, తగ్గేది స్టీల్ మందమో, హార్డ్‌వేర్ నాణ్యతో అవుతుంది. మంచి పని చేస్తే రెండో సైట్ నుంచి వాళ్లే చెప్తారు.

పర్మిషన్‌లో ఉన్న చోటు పేరు చూసి మీరు ఏం చూపించాలో కూడా మార్చుకోవాలి. ఎండాడ, రుషికొండ, లాసన్స్‌బే వైపు ఉప్పుగాలి. అక్కడ మామూలు స్క్రూలు, మామూలు హ్యాండిళ్లు తుప్పు పట్టి చారలు దిగుతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ హార్డ్‌వేర్ తప్ప ఇంకోటి చూపించకండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లు గాలికి ఆగుతాయా అని మొదటి ప్రశ్నే అడుగుతారు. గ్లాసు మందం, లోపలి స్టీలు, గోడకి ఎన్ని చోట్ల బిగిస్తారు, ఇవి చూపించి జవాబు చెప్పాలి. పోర్టు వైపు, మల్కాపురం వైపు నల్లదుమ్ము బాధ. అక్కడ రబ్బరు సీలు ఎంత బాగా మూసుకుంటుందన్నదే అసలు విషయం. ఎన్‌ఏడీ జంక్షన్, హైవే పక్కన ఇళ్లకి శబ్దం. అందరికీ ఒకే పాంఫ్లెట్ ఇస్తే ఎవరికీ పట్టదు.

ఈ రికార్డుల్లో కనిపించని పని కూడా చాలా ఉంది. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల్లో, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం ప్రాంతాల్లో, భూమి వివాదం వల్ల పర్మిషన్లు దొరకడం ఎప్పటినుంచో కష్టంగా ఉంది. అక్కడ లిస్టు ఖాళీగా ఉందని పని లేదనుకోకండి, తిరిగి చూసుకోవాలి. అయితే అక్కడ అడ్వాన్స్ ఎక్కువ తీసుకోండి, పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఆనందపురం, భోగాపురం వైపు కొన్ని ఊళ్లు జీవీఎంసీ పరిధిలోకి రావు, అక్కడ వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ), పంచాయతీ చూసుకోవాలి. పాత ఇళ్లకి కిటికీలు మార్చడానికి పర్మిషన్ అక్కర్లేదు కాబట్టి అవి ఏ కొత్త లిస్టులోనూ రావు. వాటికి పదిహేను, ఇరవై ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్లు చూసి అసోసియేషన్ వాళ్లని కలవాలి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధారల్లో ఐరన్ కిటికీలు తుప్పు పట్టి విరిగిపోతున్న బిల్డింగులు చాలా ఉన్నాయి.

డబ్బు విషయంలో కూడా ఈ రికార్డులు కాపాడతాయి. అరువు మీద పని ఒప్పుకునే ముందు పర్మిషన్‌లో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, సైట్‌లో ఎన్ని లేపారో చూడండి. ఒక అంతస్తు ఎక్కువ కనిపిస్తే కట్టడం పూర్తయ్యాక కార్పొరేషన్ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర చిక్కు వస్తుంది. అది రాకపోతే కార్పొరేషన్‌కి తనఖా పెట్టిన 10 శాతం బిల్టప్ విడుదల కాదు, ఆ ఫ్లాట్లు అమ్ముకోలేరు, ఆ ఇబ్బంది చివరికి మన బిల్లు మీదే పడుతుంది. పర్మిషన్ గడువు ఎప్పటివరకో కూడా కాగితం మీదే రాసి ఉంటుంది. రెరా ప్రాజెక్టు అయితే కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి, పని జరిగిన మేరకే ఇంజనీరు, ఆర్కిటెక్ట్, సీఏ సర్టిఫికెట్లతో తియ్యాలి. కాబట్టి మన బిల్లు కూడా దశల వారీగా పెట్టుకుంటే బిల్డరుకీ సులువు, మనకీ సులువు. ఆర్డరుతో కొంత, ఫ్రేములు సైట్‌కి చేరగానే కొంత, గ్లాసు బిగించే ముందు దాదాపు మిగతాదంతా. గ్లాసు పెట్టాక డబ్బు రాబట్టడం కష్టం.

రాసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు చాలు: చోటు, పర్మిషన్ తేదీ, అంతస్తులు, ఎల్‌టీపీ, తేల్చేది ఎవరు, నేను చూసిన రోజున ఏ దశలో ఉంది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. చివరి గడి తేదీ ప్రకారం సర్దుకుంటే ఈ వారం ఎక్కడ తిరగాలో అదే చెప్తుంది. ఓనరు వద్దంటే వద్దని రాసి వదిలెయ్యండి, మళ్లీ మళ్లీ ఫోన్ చేసి విసిగించొద్దు.

మీ యూనిట్ గాజువాకలో ఉంది కాబట్టి నగరంలోని అన్ని వార్డులూ ఒకేసారి మొదలుపెట్టకండి. కూర్మన్నపాలెం, అగనంపూడి, గాజువాక చుట్టుపక్కల వార్డులు మూడు నాలుగు తీసుకుని, గత ఆరు నెలల పర్మిషన్లకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అది వచ్చేలోపు రెరా సైట్‌లో ఆ చుట్టుపక్కల ప్రాజెక్టులు రాసుకోండి. దరఖాస్తులో వాక్యం ఎలా పెట్టాలో అనుమానం ఉంటే మీ వార్డుల పేర్లు ఇక్కడే రాయండి, తెలుగులో రాసి పెడతాను.